వాయవ్యం మూల కుంగిందా, లేచిందా?

సివిల్ బ్రాంచిలో సీటు వచ్చిన రోజే చుట్టాల్లో మనకి ఇంకో ఉద్యోగం కూడా వచ్చేస్తుంది, జీతం లేనిది. ఎవరింటికి భోజనానికెళ్లినా చెయ్యి కడుక్కోకముందే "నువ్వు సివిలే గదా, ఈ గోడ సంగతేంటో చూడు" అంటారు. సీఎస్ఈ వాళ్లకి లాప్‌టాప్, ఈఈఈ వాళ్లకి మిక్సీ, మనకి గోడ. రెండో ఏడు అయ్యేసరికి నేను ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాను: "ఎవరైనా ఇంజనీరుకి చూపించండి." వాళ్లు నవ్వేవాళ్లు. "నువ్వేగా ఇంజనీరువి!"

పోయిన వేసవిలో ఆ గోడ మా ఇంటిదే అయింది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి నేల. మే నెలలో మా చేలల్లో నెర్రెలు చూస్తే చిన్నపిల్లల కాలు దిగబడేంత ఉంటాయి. అదే నేల ఆగస్టులో ఉబ్బి, అడుగు వేస్తే చెప్పు పట్టుకుని వదలదు. ఇదంతా పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. సాయిల్ మెకానిక్స్ క్లాసులో మాంట్‌మొరిల్లొనైట్ అనే పేరు విన్నాకే కారణం తెలిసింది. ఆ బంకమట్టి కణాలు పలచటి రేకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యలోకి నీళ్లు దూరితే రేకులు ఎడమవుతాయి, మట్టి ఉబ్బుతుంది. నీళ్లు పోతే మళ్లీ దగ్గరవుతాయి, నేల బీటలిస్తుంది. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం నేల పైనుంచి సుమారు మూడు, మూడున్నర మీటర్ల లోతు వరకే ఎక్కువగా ఉంటుంది. ఆ కిందికి పోతే ఏడాది పొడుగునా తేమ పెద్దగా మారదు. ఈ మూడున్నర మీటర్ల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా తాతయ్య ఆ ఇల్లు 1997లో కట్టించాడు. నాలుగడుగుల లోతు రాతి పునాది, మీద ఇటుక గోడలు, పైన స్లాబు. పిల్లర్లు లేవు, ప్లింత్ బీమ్ లేదు. అప్పట్లో మా ఊళ్లో అన్నీ అట్లాగే కట్టేవాళ్లు. వాయవ్యంలో బాత్రూం, దాన్ని ఆనుకుని పడగ్గది. ఆ గది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట. నాలుగేళ్ల క్రితం సన్నగా వెంట్రుకలా మొదలైంది. మేస్త్రి సిమెంటు పూసి రంగు కొట్టాడు. రెండేళ్లలో రంగుని చీల్చుకుని మళ్లీ వచ్చింది. 2024 మే నాటికి అందులో రూపాయి బిళ్ల నిలబెట్టొచ్చు. కిటికీ తలుపు పట్టేయడం మొదలయ్యాక నాన్నకి నిద్ర పట్టడం మానేసింది.

నాన్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, నేను మావయ్య అంటాను. సిమెంటు, ఇనుము వ్యాపారం. ఆయన తనకి తెలిసిన ఒక కంపెనీ మనిషిని తీసుకొచ్చాడు. పునాదులు బాగుచేసే కంపెనీ. ఇన్‌స్పెక్షన్ ఫ్రీ. వచ్చినాయన నీటుగా టక్ చేసుకుని, చేతిలో టాబ్లెట్ పట్టుకుని ఇల్లంతా అరగంట తిరిగాడు. పడగ్గది గచ్చు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి "చూశారా, బుడగ మధ్యలో లేదు, మూల కుంగిపోతోంది" అన్నాడు. దొడ్లో ఉన్న వేపచెట్టు వేళ్లు పునాది కిందకి పోయి నీళ్లు తాగేస్తున్నాయన్నాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో కొటేషన్ వచ్చింది. పన్నెండు మైక్రో పైల్స్, ఒక్కోటి 32,000. కెమికల్ గ్రౌటింగ్ 70,000. చెట్టు కొట్టడం, గచ్చు మళ్లీ వేయడం 26,000. మొత్తం 4,80,000. పదేళ్ల వారంటీ. శుక్రవారం లోపు నలభై శాతం అడ్వాన్సు కడితే పది శాతం డిస్కౌంటు. వానలు మొదలైతే తమ పూచీ లేదు.

(పైల్స్ అన్న మాట వినగానే మా నానమ్మ "అదేం రోగం నాయనా, ఇంటికి కూడా వస్తదా?" అని నిజంగానే అడిగింది. ఆ వారంలో ఇంట్లో అందరూ నవ్వింది అప్పుడొక్కసారే.)

నాన్న అప్పటికే లెక్క వేసేసుకున్నాడు. చీటీ పాడితే మూడు లక్షలు వస్తాయి. మిగతాదానికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాలి. నేను సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్లేసరికి అమ్మ చేతులకి మట్టి గాజులు మాత్రమే ఉన్నాయి. బంగారపువి నాలుగూ జేబురుమాల్లో మూటకట్టి బీరువాలో పెట్టింది, మంగళవారం బ్యాంకుకి తీసుకెళ్లడానికి.

కొటేషన్ నేను చదివాను. నాలుగు పేజీలు. రంగురంగుల బొమ్మలు బాగానే ఉన్నాయి. కానీ పన్నెండు పైల్స్ అన్నారే గానీ ఒక్కోటి ఎంత లోతుకి దిగుతుందో ఎక్కడా రాయలేదు. మట్టి పరీక్ష ఊసు లేదు. ఇంటి నాలుగు మూలల మట్టాల కొలతలు లేవు. వారంటీ కాగితం చివర, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: నేల స్వభావం వల్ల వచ్చే కదలికలకు ఈ వారంటీ వర్తించదు. నల్లరేగడిలో పునాదికి ఇంకే కదలిక వస్తుందో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ ఒక మాట. మైక్రో పైల్స్ మోసమేం కాదు. అవసరమైన చోట అవి ప్రాణం పోస్తాయి. ఇలాంటి నేలలో కొత్తగా కట్టేవాళ్లకి రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్లు అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ ఉన్నాయి, వాటికి ఐఎస్ 2911 మూడో భాగం అని ప్రత్యేకంగా కోడ్ కూడా ఉంది. ఐఐటీ బొంబాయిలో కట్టి గారు ఉబ్బని బంకమట్టి పొరతో వేరే దారి చూపించారు. టెక్నాలజీకి కొరత లేదు. నా అనుమానమల్లా ఒక్కటే, రోగం ఏంటో తేల్చింది ఎవరు? మందు అమ్మేవాళ్లే తేల్చారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పేపర్లు దిద్దే సారే సప్లీ ఫీజులు తన జేబులో వేసుకుంటాడనుకోండి. ఆ సబ్జెక్టులో ఎంతమంది పాసవుతారు? ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. 34 మార్కుల దగ్గర చెయ్యి ఎటు మొగ్గుతుందనేదే ప్రశ్న.

"వేరే ఇంజనీరుకి డబ్బులిచ్చి చూపిద్దాం నాన్నా, రిపేర్లతో సంబంధం లేనాయనకి" అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది పైల్స్ గురించి కాదు.

"వాడు ముప్పై ఏళ్ల నుంచి తెలిసినోడురా. తీసుకొచ్చినోణ్ణి కాదని ఇంకోణ్ణి పిలిస్తే రేపు వాడి మొహం ఎట్టా చూడాలి నేను?"

టెక్స్ట్‌బుక్‌లో దీనికి ఫార్ములా లేదు. మన దగ్గర రెండో అభిప్రాయం అడగడమంటే మొదటి మనిషిని నమ్మలేదని చాటింపు వేయడమే. డాక్టర్ల విషయంలో కూడా అంతే, ఒక డాక్టర్ దగ్గర్నుంచి ఇంకో డాక్టర్ దగ్గరికి దొంగచాటుగా వెళ్తాం, పాత చీటీ సంచి అడుగున దాచి.

ఇంకోటి, ఫీజు. మా సాయిల్ మెకానిక్స్ సార్‌కి ఫోన్ చేస్తే ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి నంబరు ఇచ్చారు. స్ట్రక్చరల్ ఇంజనీరుగా లైసెన్సు ఉన్నాయన. రెండుసార్లు వచ్చి చూసి, సంతకం పెట్టిన రిపోర్టు ఇస్తే ఎనిమిది వేలు, బస్సు ఖర్చులు వేరే. "ఊరికే చూసి మాట చెప్పినందుకు ఎనిమిది వేలా?" అన్నాడు నాన్న. ఆ ముందు నెలే ఇదే బీట చూపించడానికి వాస్తు ఆయన్ని పిలిచారు. ఆయనకి 2,116, పళ్లు, పంచె. వాయవ్యం దోషం అని ఆయన చెప్పిన మాట ఎవరూ ఊరికే చెప్పిన మాట అనుకోలేదు. నేను ఆ సంగతి ఎత్తలేదు. నానమ్మే ఎత్తింది. "పంతులికి ఇచ్చావుగా, ఈయనకీ ఇవ్వు. ఇద్దరూ చూసి చెప్పేవాళ్లేగా."

మావయ్య సంగతి నాన్నే చక్కబెట్టాడు. "మావాడి కాలేజీ వాళ్లు ఏదో చూస్తామంటన్నారు, పిల్లోడు సరదా పడుతున్నాడు, వారం ఆగుదాం" అని ఫోన్లో చెప్పాడు. నన్ను అడ్డం పెట్టుకున్నందుకు నాకేం అభ్యంతరం లేదు. శుక్రవారం డిస్కౌంటు మాత్రం పోయింది.

ఇంజనీరు గారితో ఫోన్లో మాట్లాడేటప్పుడు ముందే అడిగాను, "సార్, రిపేరు పని కూడా మీరే చేయిస్తారా?" అని. "చెయ్యను. ఫలానా వాళ్ల చేత చేయించుకోమని కూడా చెప్పను బాబూ. చెప్తే ఇంక నా కాగితానికి విలువేముంది?" అన్నారు. ఫొటోలు పంపమన్నారు. కంపెనీ ఆయన స్పిరిట్ లెవెల్ పెట్టినప్పుడు నాన్న ఫోన్లో వీడియో తీశాడు, అది కూడా పంపాను. పది నిమిషాల్లో ఫోను.

"బుడగ ఎటు పోయింది బాబూ?"

మళ్లీ చూశాను. బాత్రూం వైపు పోయింది.

"బుడగ ఎప్పుడూ ఎత్తుకే పోతుంది గదా."

అంతే అన్నారు. గచ్చు మీద కొలిచింది లెక్కలోకి రాదనీ, గచ్చు వేసేటప్పుడే వాలు ఇచ్చి ఉండొచ్చనీ, వచ్చి చూస్తేగానీ ఏమీ చెప్పననీ అన్నారు.

ఆయన వచ్చింది మే మూడో వారంలో, ఆర్టీసీ బస్సులో, చేతిలో ఒక గుడ్డ సంచితో. టాబ్లెట్ లేదు. సంచిలోంచి మేస్త్రిలు వాడే లెవెల్ పైపు తీశారు, నీళ్లు నింపే పారదర్శకమైన గొట్టం. నీళ్లు రెండు చివర్లలోనూ ఒకే మట్టంలో ఉంటాయి, ఆ పరికరానికి అబద్ధం చెప్పడం రాదు. బయట, బేస్‌మట్టం మీద గోడ మొదలయ్యే ఇటుక వరస అంచుని పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాం. ఆ వరసని 1997లో మేస్త్రి మట్టం చూసే కట్టి ఉంటాడు కదా. ఒక చివర నేను, ఒక చివర ఆయన. ఎండ 43 డిగ్రీలు. నైరుతి మూలని సున్నా అనుకుంటే ఆగ్నేయం 3 మిల్లీమీటర్లు కింద, ఈశాన్యం 5 పైన. వాయవ్యం 26 మిల్లీమీటర్లు పైన.

రెండోసారి కొలిచాం. అదే.

"ఐదారు మిల్లీమీటర్లంటే మేస్త్రి చేతివాటం అనుకోవచ్చు. 26 అంటే ఎవరూ అట్లా కట్టరు. ఈ మూల కుంగలేదండీ, లేచింది" అన్నారు నాన్నతో. బీట కూడా చూపించారు. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంది. గోడ చివర కిందికి జారుతుంటే మామూలుగా బీట పైన వెడల్పు అవుతుందట, చివర పైకి లేస్తుంటే కింద. ఇది ఒక ఆనవాలే తప్ప తీర్పు కాదని కూడా అన్నారు. మట్టాలూ బీటా ఒకే మాట చెప్తున్నాయి కాబట్టి నమ్మొచ్చన్నారు.

తర్వాత పలుగు, పార తెప్పించారు. బాత్రూం గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో రెండున్నర అడుగుల లోతు గుంత. తవ్వింది నేనే. పక్కనే ఉన్న దొడ్లో నేల నెర్రెలిచ్చి గునపం దిగనంత గట్టిగా ఉంది. ఇక్కడ అడుగున్నర దాటగానే మట్టి లడ్డూ కట్టేంత తడి. మే నెలలో, వాన చుక్క లేకుండా. ఆయన మట్టిని నలిపి వాసన చూసి నాన్న చేతికిచ్చారు. నాన్న కూడా వాసన చూసి సబ్బు వాసన అన్నాడు. గచ్చు కింద బాత్రూం నీళ్లు పోయే గొట్టం ఎక్కడో పగిలింది. స్నానం చేసిన ప్రతిసారీ కొన్ని నీళ్లు పునాది కిందికి. ఎన్నేళ్ల నుంచో మరి. మిగతా ఇంటి కింద నేల ఎండుతూ తడుస్తూ ఉంది, ఈ మూల మాత్రం బారోమాసాలూ తడిగా ఉబ్బి ఉంది.

"మరి వేపచెట్టు?" అన్నాను. "చెట్టు నీళ్లు లాగేస్తే నేల ముడుచుకుని ఇల్లు దిగాలి. ఇక్కడ లేచింది. చెట్టు మీద కేసు నిలవదు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు క్లాసులో తగల్లేదు. బంకమట్టి నేలలో పెద్ద చెట్టుని ఒక్కసారిగా కొట్టేస్తే అది ఇన్నాళ్లూ తాగిన నీళ్లు నేలలోనే మిగిలి, అక్కడ నేల మెల్లగా ఉబ్బడం మొదలెడుతుందట. మా నానమ్మ అరుగు మీద నుంచి అంతా వింటూనే ఉంది. ఆ చెట్టు తాతయ్య నాటింది. ఏమీ అనలేదు, లోపలికెళ్లి ఇంజనీరు గారికి మజ్జిగ తెచ్చింది.

సాయంత్రం మావయ్య వచ్చాడు. మంచం మీద కూర్చుని ఒక్కటే అడిగాడు, "అయితే పైల్స్ వేస్తే నష్టమేంటండీ, గట్టిపడుద్దిగా?" న్యాయమైన ప్రశ్నే. ఇంజనీరు గారు తిరిగి అడిగారు, "ఎంత లోతుకి వేస్తామన్నారు?" కాగితంలో లేదు. మావయ్య అక్కడే కంపెనీ ఆయనకి ఫోన్ చేశాడు. "సుమారు రెండు మీటర్లు సార్, సైట్ కండిషన్‌ని బట్టి" అన్నాడాయన స్పీకర్లో. మూడున్నర మీటర్ల దాకా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉండే మట్టిలో రెండు మీటర్ల పైలు వేస్తే అది కూడా మట్టితో పాటే లేస్తుంది, దిగుతుంది. లేచిన మూలకి ఇంకో ఆసరా ఇచ్చినట్టవుతుంది. గొట్టం మాత్రం కారుతూనే ఉంటుంది. మావయ్య ఫోను జేబులో పెట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ గుంతలో మట్టిని కవర్లో కట్టుకుని కాలేజీకి తెచ్చాను. మన ల్యాబులో ఫ్రీ స్వెల్ పరీక్ష చేసినవాళ్లకి తెలుసు. 425 మైక్రాన్ల జల్లెడ దిగిన ఎండు మట్టి పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో కిరోసిన్, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. మర్నాడు చూస్తే కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు, నీళ్లలో 20. అంటే 82 శాతం. ఐదు మార్కుల రికార్డు వర్క్ కోసం రెండో ఏడు ఇదే పరీక్ష చేసి రీడింగులు రాసుకున్నాను. ఈసారి ఆ జాడీలో ఉన్నది మా పడగ్గది కింద మట్టి. ల్యాబ్ అసిస్టెంట్ అన్న కూడా వచ్చి వంగి చూశాడు.

రిపోర్టు రెండు పేజీలే. బాత్రూం గొట్టం, నహానీ ట్రాప్, బయట చాంబరు మార్చాలి. స్లాబు మీద వాన నీళ్లు గోడ పక్కన పడకుండా గొట్టాలతో దూరంగా వదలాలి. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పు కాంక్రీటు చప్టా, బయటికి వాలుగా. బీటని ఇప్పుడు పూడ్చొద్దు. ఉబ్బిన మట్టి ఆరడానికి టైం పడుతుంది, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా చూశాకే గోడ జోలికి వెళ్లాలి. ఆఖర్లో నాన్నకి నచ్చని పేరా ఒకటి ఉంది. ప్లింత్ బీమ్ లేని ఇల్లు కాబట్టి కదలిక ఆగకపోతే బోరు వేయించి మట్టి పరీక్ష చేసి, అప్పుడు పునాది బలపరిచే పని ఆలోచించాల్సి రావచ్చు. "అంటే మళ్లీ పైల్సేనా?" అన్నాడు నాన్న. "కావచ్చు. కానీ అప్పుడు ఎక్కడ, ఎంత లోతు, ఎందుకు అనేది తెలిసి వేస్తారు" అన్నారాయన. నాకు ఆ రిపోర్టు మీద నమ్మకం కలిగింది ఆ పేరా వల్లే. అంతా బాగైపోతుందని రాసుంటే నేను కూడా అనుమానపడేవాణ్ణి.

గొట్టాల పనికి 23,000, చప్టాకి 46,000, ఆయన ఫీజు 8,000. మంగళవారం అమ్మ బ్యాంకుకి వెళ్లలేదు. నాన్న చీటీ కూడా పాడలేదు.

ఇది మన నల్లరేగడి గొడవే అనుకోకండి. డల్లాస్ చుట్టుపక్కల నేల కూడా ఇలాంటి ఉబ్బే బంకమట్టే. మా పెదనాన్న కూతురు అక్కడే ఉంటుంది. వాళ్లింట్లో తలుపులు పట్టేస్తే మూడు కంపెనీల్ని ఫ్రీగా పిలిచింది. ఒకళ్లు ఎనిమిది పియర్స్ అన్నారు, ఒకళ్లు పదిహేను, ఒకళ్లు ఇరవై రెండు. ఇల్లు ఒకటే. చివరికి లైసెన్సు ఉన్న ప్రొఫెషనల్ ఇంజనీరుకి ఫీజు కట్టి ఫ్లోరంతా మట్టాలు కొలిపిస్తే ఒక్కటీ అక్కర్లేదన్నాడట. ఎండాకాలంలో ఇంటి చుట్టూ డ్రిప్ పైపు పెట్టి నేలని ఒకే తేమతో ఉంచమన్నాడు. అక్క ఫోన్లో "పునాదికి నీళ్లు పోస్తన్నామే" అని చెప్తే నానమ్మ చాలాసేపు నమ్మలేదు. మాకేమో తడి ఆపమన్నారు, వాళ్లకి తడపమన్నారు. రెండింటి సారం ఒకటే, ఇంటి కింద నేల అన్ని వైపులా ఒకేలా ఉండాలి.

ఇక బీట కాపలా. బీటకి అటూ ఇటూ రెండు స్క్రూలు బిగించి, వాటి తలల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవాలి. ఆన్‌లైన్‌లో 700 పెట్టి డిజిటల్ వెర్నియర్ కొన్నాను. నేను హాస్టల్‌కి వచ్చేస్తే ఎవరు కొలుస్తారని చూస్తే అమ్మ ముందుకొచ్చింది. పదో తరగతి చదివిన అమ్మకి రెండు నిమిషాల్లో వచ్చేసింది. ప్రతి ఆదివారం ఉదయం, స్నానాలకి ముందు. పాల లెక్కల పుస్తకంలో చివరి పేజీ తిరగేసి రాస్తుంది. మే 26న 61.2. జూన్‌లో గొట్టాలు మార్చాక కూడా 61.2, 61.1, 61.2. నాన్న రెండుసార్లు ఫోన్ చేసి "ఏం తగ్గలేదేందిరా" అన్నాడు. ఆగస్టు మొదటి ఆదివారం 60.8.

సెప్టెంబరు ఒకటిన, బుడమేరు పొంగి విజయవాడ మునిగిన ఆ వానల్లోనే, మా వైపూ రాత్రంతా కుండపోత. చప్టా పూర్తయి అప్పటికి నెల. హాస్టల్లో నాకు నిద్ర లేదు. కంపెనీ ఆయన "వానలొస్తే మా పూచీ లేదు" అన్న మాటే తిరుగుతోంది. నాకు తెలిసింది ఒక సెమిస్టర్ సాయిల్ మెకానిక్స్. మా వాళ్లు పడుకున్నది ఆ కప్పు కింద. ఇంజనీరు గారు చెప్పింది నిజమైతే, మిగతా నేల కూడా తడిసి ఉబ్బుతుంది కాబట్టి బీట తగ్గాలి, పెరగకూడదు. పొద్దున ఆరున్నరకి అమ్మ ఫోను. కరెంటు లేదట, టార్చి నాన్న పట్టుకున్నాడట.

"అరవై పాయింట్ ఒకటి."

మళ్లీ కొలవమన్నాను. "మూడుసార్లు కొలిచాం రా. మీ నాన్న కూడా కొలిచాడు" అంది.

అక్టోబరు మధ్యకి 59.7. అంటే బీట మిల్లీమీటరున్నర మూసుకుంది. మావయ్య రెండు నెలలు మా ఇంటికి రాలేదు. దసరాకి వచ్చాడు, ముభావంగానే ఉన్నాడు. కాఫీ తాగుతూ చప్టా చుట్టూ ఒక రౌండు తిరిగి, సిమెంటు ఎక్కడ కొన్నారని అడిగాడు. ఆయన కొట్లోనే కొన్నామని నాన్న చెప్పాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే కొలిచాను, 59.8. కిటికీ తలుపు ఇంకా కొంచెం పట్టేస్తూనే ఉంది. గోడకి రంగు వేయించుదామని నాన్న తొందరపడుతున్నాడు, మే అయ్యేదాకా ఆగమని ఇంజనీరు గారు అంటున్నారు. అమ్మ పాల పుస్తకం అయిపోయిందట, కొత్తది కొని చివరి పేజీ ముందే గీతలు కొట్టి పెట్టుకుంది.